అమెరికాలో రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చిందా? 'సరే' అనే ముందు ఈ లెక్క వేయండి

ఓవర్సీస్ విద్యానిధి లబ్ధిదారులైన విద్యార్థులకు, తల్లిదండ్రులకు సమాచారం



ఇది అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీ విద్యార్థుల కోసం ఉన్న ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకాల కింద అమెరికా వెళ్తున్నవారి కోసం రాసినది. ఫోన్‌లో దాచుకోండి. ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఒకరు పైకి చదవండి.

పోయిన సీజన్‌లో కలెక్టరేట్ హెల్ప్ డెస్క్ దగ్గరికి ఒక తండ్రి వచ్చారు. చేతిలో రెండు అడ్మిషన్ లెటర్ల ప్రింట్లు, సంచిలో పట్టాదారు పాసు పుస్తకం. "సారూ, రెండిట్ల ఏది పెద్దదో మీరే చెప్పుండ్రి, గదానికే పంపుతం" అన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. కానీ అడగాల్సింది "ఏది పెద్దది" అని కాదు. "ఏది ఎంచుకుంటే ఈ పాసు పుస్తకం మళ్లీ మా ఇంటికి తొందరగా వస్తుంది, మా బిడ్డ చదువు మధ్యలో ఆగకుండా ఉంటుంది" అని అడగాలి.

ఈ సమాచారమంతా ఆ ప్రశ్నకు జవాబే.

ముందు పథకం డబ్బు ఎప్పుడు వస్తుందో తెలుసుకోండి

పథకం కింద గరిష్ఠంగా 20 లక్షల రూపాయలు మంజూరవుతాయి. ఈ మొత్తం ఒకేసారి రాదు, రెండు విడతలుగా వస్తుంది.

మొదటి విడత: మీరు అమెరికాలో దిగిన తర్వాత, ఐ-94 అనే ప్రవేశ రికార్డు సమర్పించాక.

రెండో విడత: మొదటి సెమిస్టర్ ఫలితాలు సమర్పించాక.

ఈ రెండు లైన్లు మళ్లీ చదవండి. యూనివర్సిటీ ఎంపికలో ముఖ్యమైన విషయం వీటిలోనే ఉంది.

మొదటి విడత రాకముందే వీసా ఫీజు, సెవిస్ ఫీజు, విమానం టికెట్, మొదటి సెమిస్టర్ ఫీజు, ఇంటి అడ్వాన్సు, హెల్త్ ఇన్సూరెన్స్ వంటి ఖర్చులు మీదపడతాయి. వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, సెవిస్ ఫీజు 350 డాలర్లు. ఇవి మారే అవకాశం ఉంది కాబట్టి కట్టే రోజు అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. బిల్లు పాసై, ట్రెజరీ దాటి మీ ఖాతాలో పడేదాకా సమయం పడుతుంది. 'దిగిన మర్నాడే పడుతుంది' అని ఎవరు చెప్పినా నమ్మి ప్లాన్ చేయకండి. ఇది మీకు సూటిగా చెప్పడం మా బాధ్యత.

రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాల మీద ఆధారపడి ఉంటుంది. ఆగస్టులో చేరితే డిసెంబరులో పరీక్షలు అయిపోతాయి. రెండో సెమిస్టర్ ఫీజు మాత్రం జనవరి నుంచే మొదలవుతుంది. అంటే రెండో ఫీజు కట్టేటప్పటికి కూడా ప్రభుత్వ డబ్బు పూర్తిగా మీ చేతికి వచ్చి ఉండకపోవచ్చు. ఇంకా ముఖ్యంగా, మొదటి సెమిస్టర్‌లో తప్పితే కష్టం రెండు వైపుల నుంచి వస్తుంది: అక్కడ యూనివర్సిటీలో, ఇక్కడ స్కాలర్‌షిప్‌లో.

అసలు ఉదాహరణతో చూద్దాం: యూటీ డాలస్, బఫెలో

మన దగ్గర కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కి వెళ్లే చాలామంది లిస్టులో ఉండే రెండు ప్రభుత్వ యూనివర్సిటీలు తీసుకుందాం. ఒకటి యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డాలస్. రెండోది యూనివర్సిటీ ఎట్ బఫెలో. ఇది న్యూయార్క్ రాష్ట్ర యూనివర్సిటీ వ్యవస్థలో భాగం. మీ దగ్గరున్న రెండు పేర్లు వేరే కావచ్చు, పోల్చే పద్ధతి మాత్రం ఇదే.

పేరు సంగతి: బఫెలో 1846లో మొదలైన పాత సంస్థ. యూటీ డాలస్ 1969లో టెక్సాస్ యూనివర్సిటీ వ్యవస్థలో చేరింది. రెండూ 'ఆర్1' వర్గంలో ఉన్నాయి, అంటే పరిశోధన బాగా జరిగే యూనివర్సిటీల జాబితాలో ఉన్నట్టు. ర్యాంకుల్లో ఒక పత్రిక ఒకదాన్ని పైన పెడుతుంది, ఇంకో పత్రిక రెండోదాన్ని పెడుతుంది. ఈ కొద్దిపాటి తేడా కోసం పది లక్షలు ఎక్కువ అప్పు చేయనక్కర్లేదు. కాబట్టి పేరును పక్కన పెట్టి నాలుగు విషయాలు చూద్దాం.

1. ఊరు ఎక్కడుంది?

'న్యూయార్క్‌లో సీటొచ్చింది' అని ఊరంతా చెప్పేముందు మ్యాప్ చూడండి. బఫెలో ఉన్నది న్యూయార్క్ రాష్ట్రంలో. న్యూయార్క్ నగరం అక్కడికి దాదాపు 600 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లినంత దూరం. న్యూజెర్సీలో చిన్నాన్న కొడుకు ఉన్నాడు, వాళ్ల ఇంట్లో ఉండి కాలేజీకి పోయొస్తాడు అనుకుంటే కుదరదు. బఫెలో కెనడా సరిహద్దులో, నయాగరా జలపాతం దగ్గర ఉంటుంది.

యూటీ డాలస్ కూడా డాలస్ నగరం మధ్యలో లేదు. పక్కనే ఉన్న రిచర్డ్‌సన్ అనే ఊళ్లో ఉంది. ఆ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి చోట్ల తెలుగు కుటుంబాలు బాగా ఉన్నాయి. మన సరుకుల దుకాణాలు, గుళ్లు, ఇతర ప్రార్థనా స్థలాలు అందుబాటులో ఉంటాయి. తెలియని దేశంలో మొదటి నెల రోజులు ఇది నిజంగా ధైర్యమిస్తుంది. కానీ 'మనవాళ్లు చాలామంది ఉన్నారు' అన్నంత మాత్రాన ఉచితంగా గది, ఉద్యోగం దొరకవు. మనవాళ్లు ఎక్కువ ఉన్నచోట క్యాంపస్ ఉద్యోగాలకు పోటీ పడేదీ మనవాళ్లే.

వాతావరణం తక్కువ విషయం కాదు. బఫెలోలో ఏటా సగటున రెండు మీటర్లకు పైగా మంచు కురుస్తుంది. 2022 డిసెంబరులో వచ్చిన మంచు తుఫానులో ఆ ప్రాంతంలో పదుల సంఖ్యలో జనం చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, అక్కడ ఏటా వేలమంది చదువుకుంటూనే ఉన్నారు. కానీ మంచి కోటు, బూట్ల ఖర్చు లెక్కలో రాయండి. ఆస్తమా, కీళ్ల నొప్పులు వంటివి ఉంటే డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోండి. డాలస్‌లో ఎండాకాలం మన రామగుండం ఎండలు గుర్తొస్తాయి, అది మనకు అలవాటైన కష్టమే.

రాకపోకలు: బఫెలో యూనివర్సిటీకి రెండు పెద్ద క్యాంపస్‌లు, వాటి మధ్య యూనివర్సిటీ బస్సులు ఉన్నాయి. రిచర్డ్‌సన్‌లో డార్ట్ అనే ప్రజా రవాణా సంస్థ బస్సులు, రైళ్లు ఉన్నాయి. అయినా డాలస్ ప్రాంతం కార్ల మీద నడిచే ప్రాంతం. క్యాంపస్‌కు, బస్సు దారికి దగ్గరగా గది దొరక్కపోతే కారు ఖర్చు మీద పడుతుంది. అద్దె 50 డాలర్లు తక్కువని దూరంగా గది తీసుకునే ముందు ఇది ఆలోచించండి.

2. ఒక సెమిస్టర్‌లో ఎన్ని సబ్జెక్టులు?

చాలామంది చూడని విషయం ఇదే. మన స్కాలర్‌షిప్‌కి ఎక్కువ సంబంధం ఉన్న విషయం కూడా ఇదే.

అమెరికాలో చదువును క్రెడిట్లలో లెక్కిస్తారు. సాధారణంగా ఒక సబ్జెక్టుకు 3 క్రెడిట్లు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ప్రతి రెగ్యులర్ సెమిస్టర్‌లో పూర్తి స్థాయి విద్యార్థిగా ఉండాలి. ఆ 'పూర్తి స్థాయి' ఎంత అనేది యూనివర్సిటీని బట్టి ఉంటుంది.

యూటీ డాలస్‌లో పీజీ విద్యార్థికి అది 9 క్రెడిట్లు, అంటే మూడు సబ్జెక్టులు. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ పూర్తికి 33 క్రెడిట్లు కావాలి. సెమిస్టర్‌కి మూడు చొప్పున చదివితే 9, 9, 9, 6. నాలుగు సెమిస్టర్లు.

బఫెలోలో పీజీ విద్యార్థికి సాధారణంగా 12 క్రెడిట్లు, అంటే నాలుగు సబ్జెక్టులు. ఎంఎస్ పూర్తికి 30 క్రెడిట్లు. 12, 12, 6. మూడు సెమిస్టర్లలో అయిపోతుంది. చివరి సెమిస్టర్‌లో తక్కువ క్రెడిట్లు తీసుకోవచ్చు కానీ ముందుగా యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి తీసుకోవాలి.

ఇప్పుడు రెండు వైపులా చూడండి. బఫెలోలో ఒక సెమిస్టర్ ముందే పూర్తయితే నాలుగైదు నెలల అద్దె, తిండి ఖర్చు మిగులుతుంది. కానీ మొదటి సెమిస్టర్‌లోనే నాలుగు సబ్జెక్టులు. కొత్త దేశం, ఇంగ్లిష్‌లో పాఠాలు, వారం వారం అసైన్‌మెంట్లు, పైగా చలి. డిగ్రీకి కనీసం 3.0 జీపీఏ ఉండాలి, అంటే సగటున 'బి' గ్రేడు తెచ్చుకోవాలి. మనకేమో రెండో విడత ఆ మొదటి సెమిస్టర్ ఫలితాల మీదే ఉంది.

డాలస్‌లో మూడు సబ్జెక్టులతో మొదలుపెట్టి కుదురుకునే వీలుంది. దానికి బదులు ఇంకో సెమిస్టర్ ఎక్కువ ఉండాలి, ఆ ఖర్చు మీదే. బేసిక్స్ గట్టిగా ఉన్నవాళ్లు రెండో సెమిస్టర్ నుంచి నాలుగు సబ్జెక్టులు తీసుకుని సమయం తగ్గించుకోవచ్చు.

కాబట్టి విద్యార్థి తనను తాను అడగాలి: బీటెక్‌లో ఒకేసారి నాలుగు కష్టమైన సబ్జెక్టులు మోశానా? బ్యాక్‌లాగులు ఉన్నాయా? చదివింది వేరే బ్రాంచి అయితే అదనంగా పునాది కోర్సులు చేయమంటారా? అడ్మిషన్ లెటర్‌లో షరతులు ఉంటే అవి కూడా చదవండి. పునాది కోర్సులకూ ఫీజు కట్టాలి. మీరు చేరే సంవత్సరం కేటలాగ్‌ను యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో చూసి క్రెడిట్ల సంఖ్య ఖాయం చేసుకోండి.

3. ఫీజు తగ్గే దారి ఉందా?

టెక్సాస్‌లో ఒక చట్టం ఉంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ పోటీ పద్ధతిలో ఇచ్చే కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ మీకు వస్తే, బయటివాళ్ల ఫీజు కాకుండా టెక్సాస్ వాళ్ల ఫీజు కట్టే అవకాశం కలగవచ్చు. వెయ్యి డాలర్ల కాగితమే కదా అని పక్కన పెట్టేయకండి. దాని అసలు విలువ ఫీజులో తగ్గే తేడాలో ఉంది. అయితే ఇది అందరికీ రాదు, సంఖ్యకు పరిమితి ఉంది. మీ లెటర్‌లో స్కాలర్‌షిప్ మాట ఉంటే 'దీని వల్ల నాకు టెక్సాస్ నివాసి ఫీజు వర్తిస్తుందా? ఎన్ని సెమిస్టర్లు వర్తిస్తుంది?' అని ఈమెయిల్ పెట్టి రాతపూర్వక జవాబు తీసుకోండి. మొదటి ఏడాదికే ఇచ్చి తర్వాత ఆపేస్తే లెక్క మారిపోతుంది.

న్యూయార్క్ రాష్ట్ర వ్యవస్థలో ఎఫ్-1 విద్యార్థి బయటివాళ్ల ఫీజే కడతాడని లెక్క వేసుకోండి. డిపార్ట్‌మెంట్ ఏదైనా ఫీజు రాయితీ ఇస్తే అది లెటర్‌లోనే కనిపిస్తుంది. 'చేరాక అసిస్టెంట్‌షిప్ వస్తుంది' అని సీనియర్లు చెప్పే మాట లెక్కలో రాయకండి. ఎంఎస్ విద్యార్థులకు అది ఖాయం కాదు. వస్తే సంతోషం.

రెండు చోట్లా హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. సెమిస్టర్ ఫీజును వాయిదాల్లో కట్టే పద్ధతి రెండు చోట్లా ఉంది. మొదటి విడత ఆలస్యమైతే ఆదుకునేది ఇదే. ఎన్ని వాయిదాలు, ఏ తేదీలు, ఆలస్యమైతే జరిమానా ఎంత అని ముందే అడగండి.

4. చదువయ్యాక?

డాలస్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ప్రధాన కార్యాలయం ఉంది. ప్లేనోలో టొయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం ఉంది. ఇంటర్న్‌షిప్‌కి ఊరు మారకుండా దొరికే అవకాశం ఎక్కువ. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బఫెలోలో ఎం అండ్ టీ బ్యాంక్ ప్రధాన కార్యాలయం వంటివి ఉన్నా, ఉద్యోగానికి చాలామంది వేరే ఊరు వెళ్లాల్సి వస్తుంది.

ఎక్కడ చదివినా నియమాలు ఒకటే. డిగ్రీ తర్వాత 12 నెలలు ఓపీటీ కింద పనిచేయవచ్చు. కంప్యూటర్ సైన్స్ స్టెమ్ కోర్సు కాబట్టి ఇంకో 24 నెలలు పొడిగించుకునే వీలుంది. ఆ తర్వాత కావలసిన హెచ్-1బి లాటరీ మీద ఆధారపడినది, నిబంధనలు కూడా తరచూ మారుతున్నాయి. అందుకే అప్పు తీర్చే ప్లాన్‌ను హెచ్-1బి వస్తుందన్న నమ్మకం మీద కట్టకండి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీయండి

రెండు యూనివర్సిటీలకు రెండు గడులు గీయండి. లెక్క సులువు కోసం డాలర్‌కి 90 రూపాయలు అనుకుందాం. అప్పుడు 20 లక్షలు అంటే సుమారు 22,200 డాలర్లు.

కింది అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఏ యూనివర్సిటీవీ కావు. మీ గడిలో మీ అడ్మిషన్ లెటర్, ఐ-20లో ఉన్న అంకెలు వేయండి. ఐ-20లో సాధారణంగా ఒక్క ఏడాది ఖర్చే ఉంటుంది. కోర్సు మొత్తానికి మీరే పెంచి లెక్కించాలి.

మొదటి యూనివర్సిటీ: కోర్సు మొత్తానికి ఫీజు, బతుకు ఖర్చు కలిపి 60,000 డాలర్లు. అంటే 54 లక్షలు. పథకం 20 లక్షలు పోను లోటు 34 లక్షలు.

రెండో యూనివర్సిటీ: మొత్తం 48,000 డాలర్లు. అంటే 43 లక్షల 20 వేలు. పథకం పోను లోటు 23 లక్షల 20 వేలు.

లోటంతా 11 శాతం వడ్డీకి అప్పు తెచ్చారనుకోండి. మొదటిదానికి వడ్డీయే నెలకు 31 వేలు దాటుతుంది. రెండోదానికి సుమారు 21 వేలు. అసలు ఇంకా తీరనేలేదు. ఈ పథకానికి అర్హత కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు. అంటే నెలకు 42 వేల కంటే తక్కువే. అందులోంచి 31 వేల వడ్డీ కట్టగలమా? ఈ ప్రశ్న ఇంట్లో బిడ్డ ముందే మాట్లాడుకోండి. బిడ్డకు తెలియకుండా దాచి అప్పు చేయడం ప్రేమే కావచ్చు, కానీ అక్కడ రూపాయి ఎలా ఖర్చు పెట్టాలో వాళ్లకు తెలియకుండా పోతుంది.

బ్యాంకుకు వెళ్లేముందు ఇంకో మాట. పెద్ద మొత్తం విద్యా రుణానికి బ్యాంకులు సాధారణంగా హామీ ఆస్తి అడుగుతాయి. చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని హామీగా తీసుకోవు. అప్పుడు కొందరు ప్రైవేటు వడ్డీకి వెళ్తున్నారు, ఎకరం అమ్ముతున్నారు. లోటు చిన్నదైతే ఆ అవసరమే రాకపోవచ్చు.

లెక్కలో రాయకూడని ఆదాయం

ఎఫ్-1 విద్యార్థి చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. ఆ ఉద్యోగం దొరుకుతుందన్న హామీ లేదు. బయట పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో చేతికి డబ్బు తీసుకుని చేసే పని నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే వీసా హోదా పోతుంది, చదువు ఆగుతుంది, అప్పు మాత్రం ఉంటుంది. 'అందరూ చేస్తున్నారు' అనే మాట మీ గడిలోకి రానివ్వకండి. ఆ ఆదాయం లేకుండా లెక్క కుదరని యూనివర్సిటీ మీకు సరైన యూనివర్సిటీ కాదు.

రెండింటిలో ఒకటి తెలియని పేరైతే

ముందు అది నిజంగా క్లాసులు నడుపుతోందో చూడండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు ఎక్కువగా నష్టపోయింది తెలుగు విద్యార్థులే. 2019లో బయటపడిన మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా అధికారులు నిఘా కోసం పెట్టిన ఉత్తుత్తి సంస్థ. క్లాసులు లేకుండా వీసా కోసం పేరు నమోదు చేసుకున్న ఎందరో మనవాళ్లు అరెస్టయ్యారు. 'క్లాసుకు పోనక్కర్లేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం' అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి.

కన్సల్టెన్సీ ఒక యూనివర్సిటీ వైపే గట్టిగా నెడుతుంటే 'మీకు అక్కడి నుంచి కమిషన్ వస్తుందా?' అని నేరుగా అడగండి. అడగడం మీ హక్కు.

చివరగా ఖాయం చేసుకునేటప్పుడు

రెండు ఐ-20లు వచ్చినా వీసాకు ఒక్కటే వాడాలి. వీసా ఏ యూనివర్సిటీ పేరు మీద వచ్చిందో మొదటిసారి ఆ యూనివర్సిటీకే వెళ్లాలి. రెండో యూనివర్సిటీకి రావడం లేదని మర్యాదగా ఈమెయిల్ పెట్టండి.

స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఒక యూనివర్సిటీ, ఐ-20లో ఇంకోటి ఉంటే, ప్రయాణానికి ముందే మీ జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకోండి. అక్కడ దిగాక చెబితే మొదటి విడత దగ్గరే చిక్కు వస్తుంది.

మరి డాలసా, బఫెలోనా? చదువులో గట్టిగా ఉండి, మొదటి రోజు నుంచే నాలుగు సబ్జెక్టులు మోయగలిగి, తొందరగా పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎక్కడికైనా వెళ్తాననేవారికి బఫెలో లెక్క కుదరవచ్చు. కుదురుకోవడానికి కొంచెం సమయం కావాలి, అదే ఊళ్లో ఇంటర్న్‌షిప్ వెతుక్కుంటాను, లెటర్‌లో ఫీజు తగ్గించే స్కాలర్‌షిప్ కూడా ఉంది అనేవారికి డాలస్ కుదరవచ్చు. ఆ స్కాలర్‌షిప్ లేకపోతే మళ్లీ కాగితం తీయండి.

ఏ రెండు పేర్లు మీ ముందున్నా చూడాల్సింది రెండే. ప్రభుత్వం డబ్బు పోను మిగిలే లోటు ఎక్కడ చిన్నది? మొదటి సెమిస్టర్ ఎక్కడ గట్టెక్కగలను? రెండింటికీ ఒకే పేరు జవాబుగా వస్తే ఇక ఆలోచించకండి. వేర్వేరు పేర్లు వస్తే, ఆ కాగితం పట్టుకుని మా హెల్ప్ డెస్క్‌కి రండి. కలిసి కూర్చుని మాట్లాడుకుందాం. పాసు పుస్తకం మాత్రం ఆ రోజు ఇంట్లోనే ఉంచి రండి.

జిల్లా సమాచార, పౌర సంబంధాల కార్యాలయం